బండి దిగిన చోట నేర్చుకున్న దెబ్బ

ఒక మనిషి చేతిలోని విద్యను మెచ్చుకుంటూనే, ఆ మనిషిని మాత్రం కిందికి దిగమనే న్యాయాన్ని మీరెప్పుడైనా కళ్లారా చూసి, ఏమీ అనకుండా పక్కకు తప్పుకున్నారా? జవాబు నాకు పంపనక్కర్లేదు. నిజామాబాద్ మీదుగా బోధన్ వరకు నేను చేసిన ఈ ప్రయాణం చదివాక మీలో మీరే చెప్పుకోండి.

అది తొంభైల చివరి మాట. అప్పుడు నేను హైదరాబాదులో డిగ్రీ చదువుతూ, కాలేజీ తరఫున చర్చా పోటీలకు వెళ్తూ, సాయంత్రాలు సికింద్రాబాదులో ఒక మాస్టారి దగ్గర డబుల్ బేస్ నేర్చుకునేవాణ్ణి. ఆ వాద్యాన్ని చూడనివారి కోసం చెబుతాను: మనిషికన్నా ఎత్తైన ఫిడేలును ఊహించుకోండి. నేలమీద నిలబెట్టి, మనమూ నిలబడి, భుజానికి ఆనించుకుని వాయించాలి. మాస్టారు కమానుతోను, వేళ్లతోను మాత్రమే నేర్పేవారు. నాకు కావలసింది వేరే. తీగను వేలితో లాగి వదిలేస్తే అది వెనక్కి వచ్చి కింది చెక్కపట్టెకు తగిలి టక్కుమంటుంది. ఆ వెంటనే అరచేత్తో తీగలన్నిటినీ పట్టెకు చరిస్తే ఠప్పుమంటుంది. స్వరం, తాళం రెండూ ఒకే చేతిలోంచి వస్తాయి. దీన్ని స్లాప్ అంటారు. విదేశీ క్యాసెట్టులో విన్నాను. నేర్పమని అడిగితే మాస్టారు ముఖం చిట్లించి, "అది వాయించడం కాదు, వాద్యాన్ని కొట్టడం" అన్నారు.

మా చర్చా బృందంలో బోధన్ నుంచి వచ్చిన మిత్రుడొకడు ఆ క్యాసెట్టు విని నవ్వాడు. "మా దగ్గర పెండ్లిబ్యాండుల ఒకాయన గిట్లనే కొడతడు. తోపుడుబండి మీద నిలబడి కొడతడు" అన్నాడు. నమ్మలేదు. అయినా అతని చేత ఆ బ్యాండువారికి నా గురించి కబురు పెట్టించి, మాఘమాసం పెళ్లిళ్ల రోజుల్లో, వారం సెలవు పెట్టి బయలుదేరాను.

కాచిగూడలో పొద్దున ఆరున్నరకు ప్యాసింజరు ఎక్కాను. మేడ్చల్ దాటేసరికి ఎండ కిటికీలోకి వచ్చింది. ఎదురు సీటులో మనవరాలితో కూర్చున్న ఒక అవ్వ నా చేతినే చూస్తోంది. తీగల ఒరిపిడికి తోలు లేచిపోతుంటే, కుడిచేతి వేళ్లకు మందుల దుకాణంలో దొరికే తెల్ల పట్టీ చుట్టుకున్నాను.

"ఏం బిడ్డా, బీడీలు చుడతవా?" అంది.

"లేదు అవ్వా, తీగల వాద్యం వాయిస్తాను."

"కడుపు నిండుతదా దానితోని?"

"ఇంకా లేదు."

"గట్లయితే బీడీలే నయం" అని, తన వేళ్లు ముందుకు చాచి చూపింది. గోళ్ల పక్కన తోలు గట్టిపడి కొమ్ములా మెరుస్తోంది. "సూడు, తెగుడు లేదు ఏం లేదు. ముప్పై ఏండ్ల సంది గదే పని." మనవరాలు కిలకిలా నవ్వింది. కామారెడ్డిలో దిగుతూ అవ్వ నా చేతిలో రెండు రేగుపళ్లు పెట్టి వెళ్లింది. ఈ ప్రయాణంలో ఏ చేదూ లేకుండా గుర్తున్నవి ఆ రెండు పళ్లే.

నిజామాబాదులో పన్నెండు దాటాక దిగాను. పసుపు మార్కెట్టుకు వచ్చే కాలం కావడంతో స్టేషన్ బయట గాలిలో కూడా పచ్చి ఘాటు ఉంది. బస్టాండు దగ్గరి హోటల్లో భోజనం చేశాను. అన్నం మెత్తబడింది, పప్పుచారు మాత్రం బాగుంది. ఒకటిన్నరకు బోధన్ బస్సు. వెనక సీట్లలో ఇద్దరు బేరగాళ్లు మరాఠీలో వాదించుకుంటున్నారు. పక్కనున్న రైతు చక్కెర ఫ్యాక్టరీని అమ్మేస్తారన్న మాట గురించి కండక్టరును అడిగాడు. "నన్నడిగితే ఏమొస్తది బాపు? అమ్మెటోళ్లు బస్సెక్కరు" అన్నాడు కండక్టరు. కిటికీకి అటు నిజాంసాగర్ కాలువ నీళ్లు, ఇటు కోతకొచ్చిన చెరకు. బోధన్ ఇంకా కనిపించకముందే కాగిన చెరకు మడ్డి వాసన బస్సులోకి వచ్చింది.

బ్యాండు దుకాణం పాత బస్టాండు వెనక సందులో ఉంది. ఒకే గది. గోడకు ఎర్ర కోట్లు, బాకాలు, మూలన పెద్ద డోలు. యజమాని ఖాజా భాయ్ క్లారినెట్టు మూతికి బిగించే రెల్లుముక్కను నాలుకతో తడుపుకుంటూ కూర్చున్నాడు. లోపల అటక కింద, నేను వెతుక్కుంటూ వచ్చిన డబుల్ బేస్ ఉంది. ఒకప్పుడు ఫ్యాక్టరీ ఆఫీసర్ల క్లబ్బులో నృత్యాల కోసం తెప్పించారట. ఆ నృత్యాలు ఆగిపోయాక పాత సామానుతోపాటు ఖాజా భాయ్ తండ్రి చేతికి వచ్చింది. మెడ దగ్గర రాగి రేకు వేసి బిగించారు. కింది రెండు తీగలు తీగలే కావు, దూదేకేవారు వింటికి కట్టే మేకపేగు నారి. ఇక్కడ అందరూ దాన్ని పెద్ద ఫిడేలు అంటారు.

దాన్ని వాయించే నర్సింగం నాలుగింటికి వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. మీసానికి నల్లరంగు, జేబులో దువ్వెన. నన్ను పైనుంచి కిందికి చూసి ఖాజా భాయ్ వైపు తిరిగాడు.

"గీయననా పట్నం కెల్లి నా దెబ్బ నేర్సుకుంటందుకు వచ్చింది? వేళ్లకు గా గుడ్డలేంది? పెండ్లిపిల్ల లెక్క."

నేను నమస్కారం పెట్టి, వచ్చిన పని చెప్పాను. తర్వాత చర్చలో అలవాటైన తీరున మొదటి ప్రశ్న వేశాను. "అన్నా, ఈ పద్ధతి మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు? క్లబ్బులోనా? ఏదైనా క్యాసెట్టులో విన్నారా?"

"క్లబ్బుల దొరలకు గీ సప్పుడు నచ్చేదా? గక్కడ వేలితోని మెల్లగ గీకుడే. గా సామాను మోస్తందుకు వోయి, సూసి నేర్సుకున్న. గీ దెబ్బ మాత్రం బండి మీద నేర్సుకున్న."

"బండి మీద ఎవరు నేర్పారు?"

"నీకు ప్రశ్నలు మస్తుగున్నయి తమ్మి" అన్నాడు. "కప్పులు గెలుస్తవట గద, మాటలతోని?"

గెలుస్తానన్నాను. ఆయన కాసేపు మీసం దువ్వుకుని అసలు విషయం చెప్పాడు. ఎల్లుండి మోస్రా దాటాక ఒక ఊళ్లో పెళ్లి. ఆ ఊరి నడివీధిలో ఒక పెద్దింటి అరుగు ఉంది. ఊరేగింపు దాని ముందు నుంచే వెళ్లాలి. అరుగు మీద కుర్చీ వేసుకుని ఆ ఇంటి పెద్దాయన కూర్చుంటాడు. బండి మీద నిలబడ్డ నర్సింగం తల ఆయన తలకన్నా పైకి వస్తుంది. అందుకని ఆ ఇంటికి ముందే బండి దిగాలి. దాటాక మళ్లీ ఎక్కవచ్చు. నర్సింగం బ్యాండులో చేరినప్పటి నుంచీ ఆ వీధిలో ఇదే నడుస్తోంది.

"ఖాజా భాయ్ కీబోర్డు కొంటుండు" అన్నాడు నర్సింగం. "వచ్చే పెండ్లిళ్లకు పెద్ద ఫిడేలు బంద్. గా వీధిల నాకు గిదే ఆఖరు. ఒక్కపారన్న నిలబడి దాటాలె తమ్మి. నీకు దెబ్బ నేర్పుత. నువ్వు నాతోని బండెక్కి, దిగుమన్నోనికి జవాబు చెప్పాలె. నాకు చెయ్యున్నది, నీకు నోరున్నది."

ఖాజా భాయ్ క్లారినెట్టు నోట్లోంచి తీశాడు. "అరే నర్సింగ్, గిరాకీ పాడు చెయ్యకు."

"ఒక్క దినం పాడయితే సస్తవా భాయ్?"

నేను ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే సంతోషించాను కూడా. ఇంత స్పష్టమైన అన్యాయం మీద వాదించే అవకాశం ఏ వేదిక మీదా నాకు రాలేదు.

ఆ రాత్రికి బస్టాండు ఎదురు లాడ్జీలో గది తీసుకున్నాను. దోమతెర అడిగితే ఇస్తారు, వెళ్లేవారు అడగడం మరచిపోకండి. మర్నాడు పొద్దున తొమ్మిదికి పాఠం మొదలైంది. ముందు పట్టీలు విప్పించాడు. నారి తీగను లాగడం వరకు బాగానే వచ్చింది. చరుపు దగ్గరే చిక్కు. నేను కొట్టినప్పుడల్లా తీగలు గలగలమంటూ మోగుతున్నాయి.

"రొట్టె చేస్తున్నవా? గట్ల పరుస్తవేంది చెయ్యి? మడిమెతోని కొట్టాలె, వెంటనే పట్టుకోవాలె. తీగకు ఊపిరాడొద్దు."

అరచేతి అడుగు భాగాన్ని ఆయన మడిమె అంటున్నాడు. మధ్యాహ్నానికి కొంత దారిలో పడింది. కాని ఆయన చేతికి, క్యాసెట్టు అట్ట మీద నేను చూసిన బొమ్మకు ఒక తేడా ఉంది. నర్సింగం మోచేయి భుజం ఎత్తుకు లేస్తుంది. చెయ్యి ఏదో అడ్డును దాటి వస్తున్నట్టు, పైనుంచి వంగి పడుతుంది. నిలబెట్టిన వాద్యానికి ఆ వంపు అవసరం లేదు. ఎందుకలా అని అడిగాను.

"అలవాటు" అన్నాడు. "రెండో చరుపు దగ్గర తప్పుతున్నవ్ సూడు. గది గదిల కూసుంటే రాదు. మనుషుల కాళ్లు నడుస్తుంటే వస్తది."

పెళ్లిరోజు రెండు గంటలకు టెంపోలో బయలుదేరాం. వాద్యాలు కింద, మేము వాటి మీద, తోపుడుబండి వెనక తాళ్లతో కట్టి. వర్ని రోడ్డు మీద చెరకు ట్రాక్టర్ల వెనక నత్తనడక. మూడున్నరకు పెళ్లివారి విడిదిలో దిగితే, మమ్మల్ని పందిట్లోకి కాక పశువుల కొట్టం పక్కకు తీసుకెళ్లి విస్తళ్లు వేశారు. పందిట్లో బల్లలు ఖాళీగా ఉన్నాయి. నేను లేవబోతుంటే ఖాజా భాయ్ నా చొక్కా పట్టి కూర్చోబెట్టాడు.

"తిను తమ్మి. నీ లెక్చరు గా అరుగు కాడికి దాసి పెట్టు."

అయిదున్నరకు ఊరేగింపు కదిలింది. వరుడు గుర్రం మీద. ముందు బాకాలు, డోలు. మధ్యలో తోపుడుబండి. బండి చెక్కకు పెట్టిన చిల్లులో పెద్ద ఫిడేలు ఇనుప మొన దిగి నిలబడింది. దాని వెనక నర్సింగం, పక్కన నేను, ఇద్దరికీ ఎర్ర కోట్లు. ఆయన అన్నది నిజమే. వందమంది అడుగులు మట్టిలో పడుతుంటే చరుపుకు చోటు దానంతటదే దొరికింది. ఒక పాట ఆయన వాయించి, తర్వాతి పాటకు నాకు ఇచ్చాడు. రెండో చరుపు సరిగ్గా పడింది. నర్సింగం నా చెవిలో అరిచాడు: "గదీ! గిప్పుడు నువ్వు నా శిష్యునివి." పిల్లలు బండి చుట్టూ ఎగురుతున్నారు. అరుగు దగ్గర పడుతుండగా ఆయన మళ్లీ వాద్యం అందుకున్నాడు. జేబులో దువ్వెన తీసి మీసం సరిచేసుకున్నాడు కూడా.

అరుగు మీది పెద్దాయన ఏమీ అనలేదు. అనవలసిన అవసరం ఆయనకు లేదు. ఆయన మేనల్లుడు, నా ఈడువాడే, తెల్లచొక్కా, బండికి అడ్డంగా వచ్చి చాలా మర్యాదగా అన్నాడు: "నర్సింగం, ఎరికే గద. దిగు."

నర్సింగం దిగలేదు. నావైపు చూశాడు.

నేను మాట్లాడాను. వాద్యం నిలబడి వాయించవలసిందే కాని కూర్చుని వాయించేది కాదన్నాను. గుర్రం మీది వరుడి తల ఇంకా ఎత్తులో ఉందని, ఎత్తే తప్పయితే ముందు ఆయన్ను దింపాలన్నాను. చేతికి డబ్బిచ్చి పిలిచినవారికి, ఆ చేతితోపాటు మనిషి కూడా వస్తాడని తెలియదా అన్నాను. మాటలు తడబడలేదు. ఏ పోటీలోనూ అంత బాగా మాట్లాడలేదు. ఆడపెళ్లివారిలో ఒక పెద్దమనిషి "మస్తు చెప్పిండు పోరడు" అని చప్పట్లు కూడా కొట్టాడు.

మేనల్లుడు చివరిదాకా విని, నవ్వి, అడిగాడు. "నువ్వెవల పిలగానివి?"

"నర్సింగన్న శిష్యుణ్ణి."

"గాళ్ల పిలగానివైతే కాదు. నీ మాటనే చెప్తున్నది." వెనక్కి తిరిగి అరుగు వైపు చూశాడు. పెద్దాయన తల కొద్దిగా ఆడించాడు. "ఇంత మంచిగ మాట్లాడెటోనివి, చదువుకున్నోనివి. నువ్వెందుకు దిగుతవ్? నువ్వుండు బండి మీద. నువ్వే వాయించు, మామ వింటడు. నర్సింగం ఒక్కడు దిగుతడు."

నా వాదన మొత్తం మేనల్లుడు ఒప్పుకున్నట్టే. నాకు మాత్రం. ఎవరి కోసం వాదించానో ఆయనకు ఒక్క ముక్క కూడా అందలేదు. మరో వాక్యం కోసం వెతికాను. నాకు తెలిసిన వాక్యాలన్నీ నన్నే బండి మీద ఇంకా గట్టిగా నిలబెడుతున్నాయి. వరుడి తండ్రి చేతులు జోడించి, "ముహూర్తం దాటుతది బాబూ" అని వేడుకుంటున్నాడు. ఖాజా భాయ్ మా ఇద్దరి వైపూ చూడటం మానేశాడు.

నర్సింగం దిగాడు. వాద్యాన్ని నాకు ఇవ్వబోయాడు. నేను కూడా దిగాను.

అప్పుడు ఆయన చేసిన పని చూడండి. ఒక్క క్షణం కళ్లు మూసుకుని, పెద్ద ఫిడేలును చిల్లులోంచి లాగి బండి మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. బండి కదిలింది. ఆయన పక్కనే నడుస్తూ, బండి అంచు కమ్మీ పైనుంచి చెయ్యి చాపాడు. పడుకున్న వాద్యం మెడను పట్టి స్వరం పలికించడం నడుస్తూ కుదరదు. కుదిరేది ఒక్కటే. మోచేయి భుజం ఎత్తుకు లేచింది. కమ్మీని దాటి చెయ్యి వంగి తీగల మీద పడింది. ఠప్. వేలు నారిని లాగి వదిలింది. టక్. బాకాలు ఊదుతున్నాయి, డోలు మోగుతోంది, ఆ రెండింటి నడుమ ఆయన చరుపు ఒక్క అడుగు కూడా తప్పకుండా నడుస్తోంది.

"బండి మీద నేర్సుకున్న" అని ఆయన చెప్పింది ఇదేనని అప్పుడు తెలిసింది. నేను సముద్రాల అవతలి క్యాసెట్టులో వెతికిన విద్యను, ఈ మనిషి ఇక్కడ ఇలాంటి అరుగుల ముందు, దిగమన్న ప్రతిసారీ తాళం ఆగిపోకుండా ఉండటానికి తనంతట తానే కనిపెట్టుకున్నాడు. ఆ ఎత్తైన మోచేయి శైలి కాదు, బండి కమ్మీ ఎత్తు. నేను రెండోవైపుకు వెళ్లి చెయ్యి చాపాను. బండికి అటొకరం, ఇటొకరం, అరుగు దాటేదాకా చరుస్తూ నడిచాం. పెద్దాయన కుర్చీలోంచి, "చెయ్యి మంచిగున్నది నర్సింగం" అన్నాడు. నర్సింగం "మీ దయ బాంచెన్" అన్నాడు. మీ బానిసనని చెప్పే ఆ మాట నా చెవిలో ఇప్పటికీ నలుగుతోంది.

ఏడింటికి ఊరేగింపు ముగిశాక, కోట్లు విప్పి మడతపెడుతున్నప్పుడు ఆయన నావైపు తిరిగాడు.

"నువ్వెందుకు దిగినవ్?"

"మిమ్మల్ని దింపిన చోట నేను ఎలా నిలబడతానన్నా?"

"నువ్వు దిగితే రేపు పట్నంల నలుగురు శభాషంటరు. నేను దిగింది నాకు గూడ యాదికుండదు, గన్నిసార్లు దిగిన. నేను దిగినా, నువ్వు మీదుంటే గా పెద్ద ఫిడేలు నిలబడి దాటుతుండె తమ్మి. నా దెబ్బ నిలబడి దాటుతుండె. గదన్న మిగులుతుండె. గది గూడ పండవెట్టించినవ్."

నేను దిగడం సరైనదేనని ఈరోజు కూడా ఎవరితోనైనా వాదించగలను. ఆయన ముందు ఆ వాదన ఎత్తలేదు. ఆయన నా దగ్గర కోరినది ఒక్కటే. దాన్ని ఆ ఊరు మా ఇద్దరికీ దక్కనివ్వలేదు. ఆ ఊరి పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే ఆ ఒక్క ఊరిదే తప్పనుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ ఊపిరి పీల్చుకుంటాయి.

మర్నాడు పొద్దున ఎనిమిదికి బోధన్ నుంచి బస్సు, పదిన్నరకు నిజామాబాదులో రైలు. నర్సింగం బస్టాండుకు రాలేదు. ఖాజా భాయ్ వచ్చి చాయ్ ఇప్పించి, "ఆయనకు కోపం లేదు, నిద్ర పోతుండు" అన్నాడు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. రైల్లో నా చెయ్యి దానంతటదే సీటు చెక్క మీద చరుస్తోంది. పక్కనున్న ఉద్యోగి ఒకాయన పేపరు దించి, "భలే కొడుతున్నావే, ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు. చెప్పడం మొదలుపెట్టాను. అరుగు దాకా రాకముందే ఆయన, "పల్లెటూళ్లన్నాక ఇవన్నీ ఉంటాయిలే" అని మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు. మేడ్చల్ దాకా ఆ పేపరు దిగలేదు.

ఈ ప్రయాణం నాకు ఒక విద్య ఇచ్చింది. సికింద్రాబాదులో వాయిస్తే మిత్రులు చప్పట్లు కొడతారు, మోచేయి పెట్టే తీరు కొత్తగా ఉందంటారు. ఆ తీరు ఎక్కడిదో చెప్పకుండా నేను ఒక్కసారి కూడా వాయించను. కాని చెప్పినంత మాత్రాన ఏ బండీ ఆగకుండా ముందుకు పోదని నాకు తెలుసు. అది నా నోటితో కాదు, బ్యాండును పిలిచేవారి నోటితో జరగాలి.

కనుక పాఠకులారా, మీ ఇంట్లో పెళ్లి కుదిరితే, బ్యాండు మాట్లాడుకున్న రోజునే ఊరేగింపు వెళ్లే దారిలోని ప్రతి ఇంటికీ వెళ్లి ఒక్క మాట చెప్పి రండి: మా ఊరేగింపులో ఎవరూ బండి దిగరు. ఒప్పుకోని ఇల్లుంటే ఊరేగింపును వేరే వీధి మీదుగా తిప్పండి. వేరే వీధి లేకపోతే, వరుణ్ణి ముందు గుర్రం దించండి.